మడ అడవిలో కంగ్టి పారలు

2008 ఫిబ్రవరిలో, నారాయణఖేడ్‌లో ఫారెస్ట్ సెక్షన్ ఆఫీసర్‌గా ఉన్న నన్ను మూడు నెలల డిప్యుటేషన్‌పై గోదావరి సముద్రంలో కలిసే చోటికి పంపారు. అక్కడ ఎప్పుడో నరికేసిన మడ అడవిని మళ్లీ పెంచాలి. మడచెట్టు గాలిలోని బొగ్గుపులుసు వాయువును తీసుకుని, కర్బనాన్ని వేళ్ల కింది బురదలో దాస్తుంది. గాలి చొరని బురద కనుక అది చాలాకాలం అక్కడే ఉండిపోతుంది. భూమి వేడెక్కకుండా ఆపే పనుల్లో ఇదొకటని మా డీఎఫ్‌వో చెప్పేవారు.

చేపల వేట ముమ్మరంగా ఉండి అక్కడ కూలీలు దొరకలేదు. మా వైపు అడవిలో కందకాలు తవ్వే మార్తమ్మ ముఠాను పిలిపించాను. పక్కనున్న కంగ్టి నుంచి పద్దెనిమిది మంది పారలు పట్టుకుని నారాయణఖేడ్ డిపోలో బస్సెక్కారు. వాళ్లలో ఎవరూ సముద్రం చూడలేదు. మొదటి ఉదయం, మంచులో, పోటు నీరు చప్పుడు లేకుండా వచ్చింది. బురదలో ఒరిగి ఉన్న పడవలు వాటంతటవే లేచి నిలబడ్డాయి. చీర అంచు తడుస్తున్నా మార్తమ్మ కదలలేదు.

"గీ నీళ్లు ఎవరిడుస్తున్నరు సార్?"

ఎవరూ వదలరని, రోజుకు రెండుసార్లు అవే వస్తాయని చెప్పాను.

"మా దిక్కు ఏడాదికొక్కపారి రానీకె పరేషాన్ చేస్తయి" అంది.

ఆ బూడిదరంగు వెలుగులో నేను ఏ జిల్లాలో ఉన్నానో నాకూ కాసేపు గుర్తులేదు.

ఉప్పు పేరుకుని తెల్లబడిన నేల మీదికి పోటు నీరు ఎక్కి దిగితేనే ఉప్పు కడుక్కుపోతుంది, మొక్క బతుకుతుంది. అందుకని ఒక పెద్ద కాలువ, దానికి ఇరువైపులా చేపముల్లులా ఏటవాలుగా పిల్ల కాలువలు తవ్వాలి. ఎత్తుపల్లాలు కొలిచే లెవెల్ పెట్టి గీతలు నేనే వేశాను. తవ్విన మట్టిని అంచునే గట్టుగా పోయమన్నాను. వాన నీరు నిలవడానికి మా వైపు అదే పద్ధతి.

మార్తమ్మ పార ఆపింది. "గట్టు పోస్తే నీళ్లు లోపటికెట్ల పోతయి? కాల్వ తవ్విపిస్తున్నవా, కట్ట కట్టిపిస్తున్నవా?"

చెప్పిన పని చెయ్యమన్నాను.

పున్నమికి వచ్చే పెద్ద పోటుకు కాలువలు నిండాయి. గట్ల అవతల నేల మాత్రం తెల్లగా, పొడిగా అలాగే ఉంది. నర్సరీ నుంచి మొక్కలు వారంలో రావాలి. ఆ నేలలో నాటితే అన్నీ ఎండిపోతాయి. తప్పు నాదేనని డీఎఫ్‌వోకు రాసిచ్చాను. గట్లు తీసి మట్టి పలచగా పరుస్తామని, ఇది మేస్త్రి మార్తమ్మ మాటని కూడా రాశాను. ఆయన మొక్కలను పదిహేను రోజులు ఆపించారు. ఆమె నన్ను దెప్పలేదు. "ఇగ జల్దీ గుంజుండ్రి" అని తనవాళ్లతో అంది, అంతే.

అమావాస్య పోటు పొద్దున వచ్చింది. నీరు కాలువలు దాటి నేలంతా పరుచుకుంది. ఆకాశం మొత్తం అందులోకి దిగింది. పద్దెనిమిది మంది మడమల లోతు మబ్బుల్లో నిలబడి ఉన్నారు.

మరుసటి ఏడాది తనిఖీకి నన్ను మళ్లీ అక్కడికి పంపినప్పుడు మొక్కలు మోకాలెత్తు ఉన్నాయి. రెండు పిల్ల కాలువలు పూడిపోయి, ఆ మేర ఏమీ బతకలేదు.

నీటిని నిలిపే పనిలో నేర్చిన అలవాటు, నీటిని రానివ్వాల్సిన చోట పనికిరాలేదు. ఆ తర్వాత పదవీ విరమణ దాకా, ప్లాను మీద సంతకం పెట్టేముందు తవ్వేవాళ్లను ఆ గీతల వెంట నడిపించి, నీళ్లెటు పోతాయో అడిగేవాడిని.