అగ్గిపెట్టె మీద పేరు

ఇవాళ మా అబ్బాయికి మోషన్ టెస్టు రాసేరు. లేబ్‌లో అమ్మాయి మూతున్న ప్లాస్టిక్ డబ్బా ఇచ్చి, "పైన బాబు పేరు రాయండి సార్" అంది. పెన్ను ఆ అమ్మాయికే ఇచ్చి, మీరే రాయండన్నాను.

మన ఈడువాళ్లకి గుర్తుందా? అప్పట్లో డబ్బాలెక్కడివి. ఖాళీ అగ్గిపెట్టెలో అరిటాకు ముక్క వేసి పట్టుకెళ్లేవాళ్లం.

మా చెల్లి చిట్టికి అప్పుడు ఆరేళ్లు. బలపాలు తినేది. మొహం తెల్లగా పాలిపోయింది. కడుపులో పురుగులేమో చూడాలన్నారు అమలాపురం డాక్టరుగారు. మర్నాడు పొద్దున్నే అమ్మ అగ్గిపెట్టె నా చేతికిచ్చి, చిట్టిని పెరట్లోకి తీసుకెళ్లమంది. ఎంతసేపు కూర్చున్నా దానికి రాలేదు.

"రావట్లేదన్నయ్యా" అని ఏడ్చింది.

రోడ్డు మీద అమలాపురం బస్సు హారన్ వినపడింది. అది పోతే అమ్మ తిడుతుందని, నేనే కూర్చుని అగ్గిపెట్టె నింపేసేను. దెబ్బలు పడతాయని ఎవరికీ చెప్పలేదు.

సాయంత్రం లేబ్ ఆయన, "పురుగుల్లేవమ్మా" అన్నారు. "ఆయ్" అని అమ్మ ఆయనకి దండం పెట్టింది. ఇంకేముంది, దిష్టే అనుకుని చిట్టికి తాయెత్తు కట్టించింది.

వానాకాలంలో చిట్టి బళ్లో కళ్లు తిరిగి పడిపోయింది. కాకినాడ తీసుకెళ్తే, కొంకిపురుగులు రక్తమంతా తాగేసేయి, ముందే తీసుకురావలసింది అన్నారు. చిట్టి మళ్లీ ఇంటికి రాలేదు.

అమ్మ పోయేదాకా ఆ లేబ్ ఆయన్ని తిడుతూనే ఉంది. నేను పక్కనే కూర్చుని వినేవాణ్ణి.

ఆ అగ్గిపెట్టె మీద పెన్సిల్‌తో పేరు రాసింది కూడా నేనే. చిట్టి పేరు.