లాండ్రీలో కూర్చున్న ముని

చరిత్ర ఆనర్స్ చదివే ఆ కుర్రాణ్ణి క్లాసులో అందరూ ముని అనేవారు. తపస్సు చేసి కాదు, నత్తి వల్ల. పరీక్షల్లో అతని కలం పరుగులు పెట్టేది గానీ, నోరు తెరిచాడంటే మొదటి అక్షరం దగ్గరే బండి ఆగిపోయేది. చిన్నప్పట్నుంచీ అతని తరఫున మాట్లాడే పని అక్కది. మందుల షాపులో మాత్రలు అడగాలన్నా అక్కే. అందుకే, ఆనర్స్ విద్యార్థుల్ని నెల రోజులు విదేశానికి చదువుకోసం పంపుతున్నారని, తననూ ఎంపిక చేశారని తెలియగానే నేరుగా ఇంటిదారి పట్టాడు.

"నే... నేను వెళ్ళను," అన్నాడు ఇంటికొచ్చి.

"ఎందుకెళ్ళవురా? అక్కడి భాష నేర్చుకున్నావు కదా," అంది అక్క, అతని చొక్కాలు అప్పుడే పెట్టెలో సర్దుతూ. "నా సంగతి చూడు. నెల రోజులు ఎవరి తరఫున మాట్లాడను?"

నవ్వించి మరీ పంపేసింది.

అక్కడ వాళ్ళకిచ్చిన పని, మూతబడ్డ బట్టల మిల్లు చుట్టూ ఉన్న వీధుల్లో పాతవాళ్ళను కలిసి, మిల్లు నడిచిన రోజుల గురించి అడిగి రాయడం. మునికి జతపడ్డవాడు క్లాసంతా వాగుడుకాయ అని పిలిచే కుర్రాడు. మాట్లాడే బాధ్యతంతా అతనే నెత్తిన వేసుకున్నాడు. కొత్త భాషను గుక్క తిప్పుకోకుండా వదిలేసరికి ఒక్కరికీ ముక్క అర్థం కాలేదు. తలుపులు ముఖం మీదే మూసుకున్నాయి.

అంతలో వాగుడుకాయకు జ్వరం పట్టుకుంది. ముని ఒక్కడే బయల్దేరాడు. దారిలో వాన ముంచెత్తితే వీధి మలుపులో ఉన్న లాండ్రీలోకి దూరాడు. లోపలంతా వేడి ఆవిరి, సబ్బు వాసన. నెరిసిన జుట్టు పొట్టిగా కత్తిరించుకున్న పెద్దావిడ దుప్పటి ఇస్త్రీ చేస్తోంది.

"ఏం కావాలి బాబూ?"

"మి... మి..."

మిల్లు అన్న మాట ఎంతకీ రాలేదు. ఆవిడ మాట అందించలేదు, చూపు తిప్పుకోలేదు. ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి, అతని పెదాల వంకే చూస్తూ నిలబడింది. చివరికి మాట బయటపడింది.

"మిల్లా? నా వయసంతా అందులోనే గడిచింది," అంది. "తొందరేం లేదు. మగ్గాల మోతలో ఒకరి మాట ఒకరికి వినబడేది కాదు మాకు. పెదాలు చూసే మాట్లాడుకునేవాళ్ళం. నువ్వు చెప్పు, నేను చూస్తాను."

ఆ తర్వాత ముని రోజూ వెళ్ళాడు. దుప్పటి రెండో కొస పట్టుకుని మడత పెట్టిస్తూ ప్రశ్నలడిగాడు. మేస్త్రీ ఎదురుగా ఉండగానే పెదాలతో అతన్ని తిట్టుకున్న సంగతులన్నీ ఆవిడ చెప్పింది. పక్క మగ్గం కుర్రాడు అలాగే సడి లేకుండా పెళ్ళికి అడిగితే, అర్థమైనా కానట్టు నటించి, మళ్ళీ మళ్ళీ చెప్పించుకుందట! ముని పొట్ట చెక్కలయ్యేలా నవ్వాడు. నాలుగు రోజులయ్యేసరికి ఆవిడ పాత స్నేహితురాళ్ళూ చేరారు. లాండ్రీ కాస్తా రచ్చబండ అయింది.

"ఒరేయ్, నువ్వడుగు, నేను రాస్తాను," అన్నాడు జ్వరం తగ్గి వచ్చిన వాగుడుకాయ.

ఆఖరి వారం విశ్వవిద్యాలయం హాల్లో అందరి ముందూ ఆ కథలు చెప్పాలి. "నేను చెప్పేయనా?" అన్నాడు వాగుడుకాయ, మంచి మనసుతోనే. ముని వద్దన్నాడు.

వేదికెక్కి రెండు వాక్యాలు చెప్పాడో లేదో మాట ఇరుక్కుపోయింది. వెనకెవరో కిసుక్కున నవ్వారు. ముందు వరుసలో లాండ్రీ ఆవిడా, స్నేహితురాళ్ళూ మాత్రం కన్నార్పకుండా అతని పెదాలనే చూస్తున్నారు. ఊపిరి పీల్చుకుని మళ్ళీ మొదలుపెట్టాడు. ఇచ్చిన సమయం ఎప్పుడో దాటిపోయింది. పెళ్ళి కబురు దగ్గరికొచ్చేసరికి వెనక వరుసలవాళ్ళు కూడా ముందుకు వంగి విన్నారు.

ఇంటికొచ్చాక నత్తి ఎక్కడికీ పోలేదు. అయినా మరుసటేడు వెళ్ళే పిల్లలకు ప్రశ్నలడగడం నేర్పమని ప్రొఫెసరుగారు మునినే పిలిచారు.

"ఒ... ఒక ప్రశ్న అడగండి. తర్వాత ఆగండి," అన్నాడు.

"ఎంతసేపాగాలి అన్నా?" అంది ఒకమ్మాయి.

"వాళ్ళు చె... చెప్పేదాకా."

పిల్లలు నవ్వుతూ కుర్చీలు ఒకరి వైపొకరు తిప్పుకున్నారు. ముని వాళ్ళ మధ్య తిరుగుతూ, పిలిచిన ప్రతివాళ్ళ దగ్గరా ఆగి, తాపీగా మాట్లాడాడు.