మిరపకాయలు ఎన్ని రోజులు ఎండాలి?

ఆ సాయంత్రం, సరైన జవాబు చెప్పిన మనిషిని తప్పు చెప్పాడని నలుగురిలో నవ్వులపాలు చేశాను.

అప్పట్లో నేను మా ఊరి బడిలో పంతుల్ని. గ్రంథాలయానికొచ్చే ఇంగ్లీషు పత్రికలో, అమెరికాలో టెలివిజన్ అనే బొమ్మల పెట్టెలో వచ్చే ఒక క్విజ్ గురించి చదివాను. ప్రశ్నలడిగేవాడు జవాబుల సంగతి అటుంచి మనుషుల్ని ఆటపట్టిస్తాడట, జనం పడీపడీ నవ్వుతారట. ఆ పెట్టెను మాలో ఎవరూ చూడలేదు. అయినా గ్రంథాలయ వార్షికోత్సవంలో అలాంటిదే పెట్టాను. తప్పు చెబితే కిరసనాయిలు డబ్బా మీద కర్రతో బాదడం మాత్రం నా సొంత కల్పన.

మొదటి ముగ్గురికీ డబ్బా మోగింది. జనం నవ్వు నాకు తలకెక్కింది.

నాలుగో మనిషి, కల్లాల్లో కాయ చూసే పెద్దాయన. ఎండబోసిన మిర్చిని బస్తాలకెత్తే ముందు రైతులు ఆయన్ని పిలిచేవాళ్లు. పచ్చి మిగిలితే బూజు పట్టి ఏడాది కష్టం పోతుంది. ఆయనకు పొలం లేదు. కాయ ఎండిందో లేదో తేల్చే ఆ మాటే ఆయన బతుకు.

“మిరపకాయలు ఎన్ని రోజులు ఎండాలి, బాబాయ్?” అన్నాను.

“రోజులతో ఏం పని మేష్టారూ? మంచు కురిస్తే ఒక తీరు, గాలి తోలితే ఒక తీరు. గుప్పెడు తీసి చెవి దగ్గర ఆడించండి. గింజ గలగలమంటే ఎండినట్టు.”

నా చేతిలోని వ్యవసాయ కరపత్రంలో పది రోజులని ఉంది. డబ్బా బాదాను. అక్కడితో ఆగినా బాగుండేది. “కాయలు మీతో మాట్లాడతాయన్నమాట. ఇప్పుడేమని తిడుతున్నాయి?” అన్నాను. ముందు వరసలోంచి ఆయన ఈడువాడొకాయన, “ఏరా, ఇన్నేళ్లూ చెవుల్ని నమ్ముకునా బతికింది?” అన్నాడు. పెద్దాయన తుండుగుడ్డ భుజాన వేసుకుని అరుగు దిగిపోయాడు.

మర్నాటి నుంచి పిలిచినా కల్లానికి రాలేదు. మేష్టారిని అడగమన్నాడట. ఒక రైతు నిజంగానే వచ్చి నన్నడిగాడు. సిగ్గు లేకుండా పది రోజులన్నాను. ఆ వారమంతా మంచు కురిసింది. తర్వాత బస్తాలు విప్పితే లోపల బూజు. ఆ రైతు మళ్లీ నా దగ్గరికే వచ్చాడు. పెద్దాయన్ని ఎలాగైనా రప్పించమన్నాడు, అంతే.

ఆయన ఇంటికి వెళ్లి క్షమించమన్నాను. దానికేముందిలే అన్నాడు కానీ, కల్లానికి మాత్రం రానన్నాడు. నలుగురిలో తీసిన పరువును గడప లోపల తిరిగి ఇవ్వలేనని అప్పటికి తెలిసింది.

ఆదివారం సాయంత్రం అదే గ్రంథాలయం అరుగు దగ్గరికి అందరినీ పిలిచి, ఆయన్ని బతిమాలి తీసుకొచ్చాను. ఆయన జవాబే సరైనదని, ఆ బూజు నా పుణ్యమేనని చెప్పాను. కర్ర ఆయన చేతికిచ్చి, ఆ రోజు ఆయన కూర్చున్న స్టూలు మీద నేను కూర్చున్నాను. ఆ రైతు తెచ్చిన కాయల్లోంచి ఆయన రెండు గుప్పెళ్లు తీసి, నా చెవి దగ్గర ఒకదాని తర్వాత ఒకటి ఆడించి, ఏది ఎండిందో చెప్పమన్నాడు. రెండూ ఒకేలా వినిపించాయి. ఏదో ఒకటి చూపించాను. తప్పు. జనం డబ్బా వైపు చూశారు.

ఆయన బాదలేదు. “ఇంకోసారి వినండి మేష్టారూ” అన్నాడు.

మర్నాడు పొద్దున ఆయన వెనకే ఆ రైతు కల్లానికి వెళ్లాను. బడి వేళయ్యే దాకా కుప్ప ముందు కూర్చుని బూజు కాయలు ఏరాను. కుప్ప తరిగేదాకా రోజూ వెళ్లాను.