మా తెలుగు మాస్టారి ఇంగ్లీషు

పోయిన సోమవారం ప్రార్థన అయి పిల్లలు తరగతులకు వెళ్తుండగా ఫోనులో ఆ కబురు చూశాను. తిరువూరులో మా హైస్కూల్లో ఇరవై ఏళ్ళకు పైగా తెలుగు చెప్పి, నాలుగేళ్ళ కిందట రిటైరైన మా తెలుగు మాస్టారు గుండెపోటుతో పోయారు. మధ్యాహ్నం నమాజు తర్వాత ఖననం. నేను ఆ బడిలోనే ఇంగ్లీషు టీచర్ని. పదకొండేళ్ళు ఆయన పక్క గదిలో పాఠం చెప్పినదాన్ని. కళ్ళు తడిశాయి. ఆ కబురు కింద పాత విద్యార్థుల మెసేజులు ఒకదాని మీద ఒకటి వచ్చి పడుతుంటే మాత్రం, రేపు నేను పోతే ఇందులో సగమైనా వస్తాయా అనుకున్నాను. పోయిన మనిషిని చూసి కూడా కుళ్ళుకున్నాను. మీలో ఆయన దగ్గర చదువుకున్నవాళ్ళు ఉంటే నన్ను క్షమించండి. ఇది దాచిపెట్టి ఆయన గురించి నాలుగు మంచి మాటలు రాయడం నావల్ల కాదు.

మాది ఎ.కొండూరు దగ్గర పల్లె. అమ్మా నాన్నా మిరప కోతలకు పోయేవాళ్ళు. నాకు ఇంగ్లీషు ఎవరూ ఊరికే ఇవ్వలేదు. చర్చి పాస్టరుగారి డిక్షనరీ అడిగి తెచ్చుకుని, పేజీ పేజీ చేత్తో ఎత్తిరాసుకుని నేర్చుకున్నాను. ఎమ్మే చేశాను, ఉద్యోగం తెచ్చుకున్నాను. ఆ భాష నా కష్టార్జితం. అలాంటిది మా పిల్లలు ఇంగ్లీషులో అనుమానం వస్తే నా గది దాటుకుని తెలుగు మాస్టారి దగ్గరికి పరిగెత్తేవాళ్ళు! ఆయన ఇంగ్లీషు సంగతి చెప్పక్కర్లేదు. స్కూలుని ఇస్కూలు అనేవారు. గ్రామరు అసలే పట్టదు. అయినా సాయంత్రం చివరి గంట కొట్టాక పావుగంట సేపు ఆయన గది కిటకిటలాడేది.

ఆయన పద్ధతి ఒకటుంది. చిన్న పిల్లలకు కూడా తెలిసిన ఇంగ్లీషు మాట ఒకటి తీసుకుని నెలంతా దాన్నే పట్టుకునేవారు. నేను చెప్పబోయే నెలలో ఆ మాట ‘రన్’. రోజుకో ఇంగ్లీషు వాక్యం బోర్డు మీద రాసేవారు. దానికి తెలుగు మాట పిల్లలు సొంతంగా చెప్పకూడదు, డిక్షనరీ చూడకూడదు. ఇంటికెళ్ళి పెద్దవాళ్ళని అడిగి, వాళ్ళు వాడే మాట మర్నాడు తేవాలి. తెచ్చిన మాట కింద, తెచ్చినవాళ్ళ పేరు కాదు, చెప్పినవాళ్ళ పేరు రాసేవారు. అలా ఒక్క ‘రన్’కి మా బోర్డు మీద ముక్కు కారింది, కాలవ పారింది, మోటారు ఆడింది, ఎర్ర లంగా రంగు దిగింది, రోడ్డు విస్సన్నపేట పోయింది, ఎవరి మేనమామో సర్పంచికి నిలబడ్డాడు. అక్షరం రాని అవ్వల పేర్లు, కూలికెళ్ళే తల్లుల పేర్లు హైస్కూలు బోర్డు మీద గుండ్రటి అక్షరాల్లో ఉండేవి. వాటిని చూడ్డానికి ఒక తల్లి పనికి పోతూ పోతూ మా గేటు లోపలికి రావడం నేను చూశాను.

“ఇంగ్లీషువాడు పాపం, పెళ్ళికీ చావుకీ ఒకటే చొక్కా తొడుక్కుని పోతాడర్రా. మనకు పెట్టెడు చొక్కాలున్నాయి. తీసి తొడుక్కోవడానికే బద్ధకం,” అనేవారు. పిల్లలు పగలబడి నవ్వేవారు. నా క్లాసులో పిల్లలు అలా ఎన్నడూ నవ్వలేదు. నేను నవ్వించడానికి ప్రయత్నించలేదనుకోండి, అది వేరే సంగతి.

ఒకరోజు, ఇంట్లో బియ్యం ‘రన్ ఔట్’ అయ్యాయన్న వాక్యం ఇచ్చారు. మర్నాడు గంపలగూడెం నుంచి షేర్ ఆటోలో వచ్చే పిల్ల లేచి నిలబడింది. “మా నాయనమ్మ అయిపోయినాయి అనదండి. నిండుకున్నాయి అంటుందండి,” అంది. మాస్టారు సుద్దముక్క బల్ల మీద పెట్టేశారు. తర్వాత, “డబ్బాలో గింజ లేకపోయినా ఇంట్లో లేదన్న మాట పలకకూడదని నిండుకుంది అన్నార్రా. మీ నాయనమ్మకి నా సలాం చెప్పు,” అన్నారు.

నేను కిటికీ అవతల నిలబడి విన్నాను. ఆ మాట మా అమ్మ నోట ఎన్ని సాయంత్రాలు విన్నానో నాకే తెలుసు. అదే వారం అదే పిల్లలకు అదే ‘రన్ ఔట్’ నేనూ చెప్పాను. అర్థం రాయించి, పదిసార్లు చూచిరాత కూడా ఇచ్చాను. మా అమ్మ మాట నా క్లాసులో నాకెందుకు గుర్తు రాలేదు? ఏడుపొచ్చింది. ఆ ఏడుపు చూస్తూండగానే ఆయన మీద మంటగా మారింది.

పుండు మీద కారం చల్లినట్టు హెడ్మాస్టరుగారు స్టాఫ్ రూములో నవ్వుతూ, “పొరుగింటి పుల్లకూర రుచి మేడమ్, మీరేం పట్టించుకోకండి,” అన్నారు. అందరూ నవ్వారు. తెలుగు మాస్టారు ఒక్కరే నవ్వలేదు. నాకు అది ఇంకా ఎక్కువ గుచ్చుకుంది.

మర్నాడు హెడ్మాస్టరుగారికి ఒక కాగితం రాసిచ్చాను. తెలుగు ఉపాధ్యాయులు ఇంగ్లీషు చెప్పడం వల్ల పిల్లల ఉచ్చారణ పాడవుతోందని రాశాను. నా పేరు బయటికి రాకూడదని బతిమాలుకున్నాను. ఆ సాయంత్రమే మాస్టారిని పిలిచి ఆపేయమన్నారు. ఆయన తన గదికి వచ్చి, తడిగుడ్డతో బోర్డు తుడుచుకుని వెళ్ళిపోయారు.

తర్వాతి సాయంత్రం పిల్లలందరూ నా క్లాసు గుమ్మం ముందున్నారు. “రన్ ఇక మీరే చెబుతారని మాస్టారు పంపించారండి,” అన్నారు. వాళ్ళకు ‘రన్’ అర్థాలన్నీ వరసగా అచ్చువేసిన జిరాక్సులు పంచాను. నాలుగో రోజుకు ఒక్కరూ రాలేదు.

ఆ తర్వాత కూడా ఆయనలో ఏ మార్పూ లేదు. మధ్యాహ్నం భోజనాల దగ్గర తన డబ్బాలో గోంగూర ముందు నా వైపే జరిపేవారు. పరీక్ష పేపర్లు దిద్దేటప్పుడు పక్కన కూర్చుని, ఎర్ర పెన్నుతో అడ్డంగా కొట్టకుండా, తప్పు కింద చిన్న చుక్క పెట్టేవారు. “కొట్టేస్తే వాడు మళ్ళీ చూడడమ్మా, చుక్క పెడితే ఏంటా అని చూస్తాడు,” అనేవారు. ఆ కాగితం రాసింది నేనేనని చెప్పేద్దామని ఎన్నిసార్లు నోటిదాకా వచ్చిందో. రిటైరైన రోజు శాలువా కప్పుతూ కూడా చెప్పలేకపోయాను. ఈ ఊళ్ళోనే ఉంటారుగా, ఎప్పుడో ఒకప్పుడు చెప్పొచ్చు అనుకున్నాను.

ఆయన పోయిన మూడో రోజు వాళ్ళింటికి వెళ్ళాను. లోపలి గదిలో చాప మీద ఆయన భార్య కూర్చుని ఉన్నారు. నన్ను పక్కన కూర్చోబెట్టుకున్నారు. ఇక ఆగలేకపోయాను.

“అమ్మా, అప్పట్లో సార్ సాయంత్రం క్లాసు ఆపించింది నేనేనండి. కాగితం రాసిచ్చింది నేను.”

“తెలుసమ్మా,” అన్నారామె. “ఆ రోజే ఇంటికొచ్చి చెప్పారు. నాకు ఒళ్ళు మండి మిమ్మల్ని నాలుగు తిట్టాను కూడా. ‘ఊరుకోవే, ఆవిడ ఇన్నాళ్ళు ఓర్చుకుంది. ఆవిడ చోట నేనుంటే మొదటి రోజే రాసిచ్చేవాణ్ణి’ అన్నారు.”

“సార్ అలాంటివారు కాదండి.”

“మీకేం తెలుసు? మీరంటే ఎంత కుళ్ళనుకున్నారు ఆయనకి!” ఆమె ముఖంలో అంత దుఃఖంలోనూ నవ్వు వచ్చింది. “మీరు పాఠం చదువుతుంటే గోడ పక్కనే కూర్చుని వినేవారంట. పొద్దున్నే అద్దం ముందు తల దువ్వుకుంటూ ఏదో ఇంగ్లీషు మాట మీరన్నట్టు అనాలని చూసేవారు. రాకపోతే దువ్వెన విసిరికొట్టేవారు. ‘ఆవిడకి అంత తేలిగ్గా ఎట్టా వస్తుందే’ అని నామీద అరిచేవారు.”

నాకు సంతోషం వేసింది. చావింట్లో, ఆయన భార్య పక్కన కూర్చుని, సిగ్గులేకుండా సంతోషపడ్డాను.

“ఏ మాటండీ?” అని అడిగాను.

“నాకేం తెలుసమ్మా ఇంగ్లీషు? పెదాలు మాత్రం ఇట్టా పెట్టేవారు,” అంటూ ఆమె గడ్డం కొంచెం పైకెత్తి, పెదాలు సున్నాలా చుట్టి, అలాగే ఆగిపోయారు. ఆ నోట్లోంచి ఏ శబ్దమూ రాలేదు. ఆ మాటేదో ఆమె కళ్ళలో దొరుకుతుందేమోనని నేను చూస్తూనే ఉన్నాను. ఆ చుట్టిన పెదాలు మెల్లగా వణకడం మొదలుపెట్టాయి.