నాకు తగ్గింది ఆ కషాయంతో కాదు

కొన్నేళ్ళుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. చెప్పినప్పుడు అది ఒక్క మాట. ఆ మాట నమ్మిన మనిషి తిండి దిగక ఎండిపోయి చనిపోయాడు. ఈ సంగతి నా భార్యకు సగం తెలుసు. మొత్తం ఎవరికీ చెప్పలేదు. మీకు చెబుతున్నాను. నా పేరు రాయను. మా దిక్కు వాళ్ళు చదివితే గుర్తుపడతారేమో. పట్టనీ.

నాది కోరుట్లలో మోటార్ వైండింగ్ షాపు. అంతకుముందు దుబాయిలో ఎలక్ట్రీషియన్‌గా చేశాను. అక్కడే కుడిచెయ్యి మణికట్టు దగ్గర వాలిపోవడం మొదలైంది. నొప్పి లేదు, తిమ్మిరి లేదు. స్క్రూడ్రైవర్ పట్టుకుంటే జారిపోయేది. తర్వాత ఎడమచేతి వేళ్ళు. పని వదిలి ఇంటికొచ్చేశాను. కరీంనగర్‌లో డాక్టరు నరాల పరీక్ష చేయించి, మోటార్ న్యూరాన్ జబ్బు కావచ్చన్నాడు. దుబాయికి పోకముందు బోరు మోటార్లు విప్పేవాణ్ణి, ఆ పేరు వింటే నాకు నవ్వొచ్చింది. ఆయన నవ్వలేదు. మెదడు నుంచీ వెన్నుపాము నుంచీ కండరాలకు కబురు మోసే నరాల కణాలు క్రమంగా చచ్చిపోతాయట. చేతులు, కాళ్ళు, మాట, మింగడం, చివరికి ఊపిరి. తెలివి మాత్రం చాలామందికి అలాగే ఉంటుందట. కాస్త నెమ్మదింపజేసే మాత్ర ఉంది గానీ నయం చేసే మందు లేదన్నాడు.

అమ్మ ఊరుకోలేదు. మెట్‌పల్లి అవతల ఒక ఊళ్ళో నరాలకు మందిచ్చే ఆయన ఉన్నాడని విని, ప్రతి ఆదివారం నన్ను బస్సెక్కించి తీసుకెళ్ళేది. చేదు కషాయం, ఒంటికి రాసే నూనె. తాగాను, రాయించుకున్నాను. ఆ భయంలో ఎవరేమిచ్చినా తాగేవాణ్ణే.

అదే రోజుల్లో నా భార్య పట్టుబట్టి, ఉత్త పరీక్షలకేనని అమ్మకు చెప్పి హైదరాబాద్ తీసుకెళ్ళింది. అక్కడి డాక్టరు పరీక్షలన్నీ మళ్ళీ చేయించి, ఇది ఆ జబ్బు కాదన్నాడు. చూడటానికి అలాగే ఉంటుంది, కానీ మీ నరాల కణాలు చావలేదు, దారిలో అడ్డంకి ఉంది, మీ ఒంటి రక్షణే మీ నరాల మీద పడుతోంది, దీనికి మందుంది అన్నాడు. ఆసుపత్రిలో పడుకోబెట్టి డ్రిప్పులో ఎక్కించారు. కొన్ని వారాలకు వేళ్ళు లేచాయి. ఆ ఏడాదే షాపు పెట్టాను. ఆ మందు పూర్తిగా నయం చేసేది కాదు. ఆగితే చెయ్యి మళ్ళీ వాలుతుంది. ఇప్పటికీ పోయి ఎక్కించుకుని వస్తుంటాను. రాగి తీగ తేవడానికి పోతున్నానని వాడకట్టులో చెబుతాను.

ఎందుకు దాచాను? మొదట్లో అమ్మ కోసమే అనుకున్నాను. వేళ్ళు కదిలిన రోజు ఆమె కషాయం సీసాకు దండం పెట్టి ఏడ్చింది. కాదని ఎలా చెప్పను? ఆమె వీధంతా చెప్పింది. మందిచ్చే ఆయన కూడా వచ్చినవాళ్ళందరికీ నన్నే చూపించేవాడు. ఆయన మోసగాడని నేననను. నన్ను చూసే ఆయనకూ తన మందు మీద గురి కుదిరింది. డ్రిప్పు సంగతి ఆయనకూ చెప్పలేదు.

జనం నన్ను చూడటానికి రావడం మొదలుపెట్టారు. మంచాన పడాల్సినవాడు లేచి నిలబడ్డాడని పెళ్ళిళ్ళలో వేలు పెట్టి చూపించేవారు. అది నాకు బాగుండేది. ఇది రాయడానికి సిగ్గుగా ఉంది, కానీ బాగుండేది.

అలా వచ్చిన వాళ్ళలో సిరిసిల్ల నుంచి రజిత ఒకతె. భర్త సత్తయ్య మరమగ్గాల మీద పనిచేసేవాడు. ఆయన మాట అప్పటికే ముద్దగా అయింది, నీళ్ళు తాగినా పొలమారేది. ఆయన్ని ఇంట్లో వదిలి ఆమె ఒక్కతే వచ్చింది. అమ్మ పక్కనే కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతోంది.

"అన్నా, నిజం చెప్పు. నీకు గీ కషాయంతోనే తగ్గిందా?"

అమ్మ చేతులు ఆగాయి. ఆమె నా వైపు చూడలేదు.

"అవును చెల్లె."

"దవాఖాన్ల పొట్టకు గొట్టం పెడ్తమంటున్రు. ఊపిరి మంచిగున్నప్పుడే పెట్టాల్నట, తిండి దాంట్లకెల్లి పోతదట. మందిచ్చేటాయన కోత పడితే మందు పారదంటుండు. నీకేమన్న కోసిన్రా?"

"నాకేం కొయ్యలే."

అది నిజమే. నన్నెవరూ కోయలేదు. నిజం చెప్పి ఇంకా గట్టి అబద్ధం ఆడాను. ఆమె లేచి నా చేతిని రెండు చేతులతో పట్టుకుంది. వేళ్ళు మడిచి, తెరిచి చూసింది. ధైర్యం తెచ్చుకుని వెళ్ళిపోయింది. ఆ తర్వాత భార్యాభర్తలు గొట్టం వద్దన్నారు.

సత్తయ్యది నిజంగానే ఆ మోటార్ న్యూరాన్ జబ్బు. గొట్టం పెట్టినా బతికేవాడు కాదు. ఇన్నాళ్ళూ ఆ మాట పట్టుకునే నన్ను నేను నిద్రపుచ్చుకున్నాను. కానీ ఎలా పోయాడు? ముద్ద మింగలేక, రోజురోజుకూ ఎముకల గూడై, అన్నీ తెలుస్తూ పోయాడు. అన్నం వాసన వస్తే కళ్ళు మూసుకునేవాడట. ఇది నాకు రజితే చెప్పింది. కబురు తెలిసి సిరిసిల్ల వెళ్ళాను. చెప్పేద్దామనే వెళ్ళాననుకుంటాను. నిజంగా అందుకే వెళ్ళానా, లేక ఆమెకు నా మీద అనుమానం రాలేదని తేల్చుకోవడానికా? ఇప్పటికీ తెలియదు.

ఆమె నన్ను తప్పుపట్టలేదు. "మేమే ఆలస్యం జేసినమన్నా. నీ లెక్క ముందుగాల్నే మందు వడితే బతుకుతుండె. నేనే ఎరుక లేక దవాఖాన్ల పొంటి తిప్పిన" అంది.

అప్పుడైనా చెప్పాల్సింది. ఆమె ఇచ్చిన చాయ్ తాగి బస్సెక్కాను.

ఆ తర్వాత వచ్చినవాళ్ళకు ముందు పెద్దాసుపత్రిలో చూపించుకోండి, రెండోచోట కూడా అడగండి, గొట్టం పెడతామంటే పెట్టించుకోండి అంటున్నాను. మీకెలా తగ్గింది అంటే మాట మారుస్తాను. అమ్మ పోయి రెండేళ్ళు దాటింది. ఆమె కోసమే దాచానన్నవాణ్ణి ఇప్పుడెవరి కోసం దాస్తున్నాను? నా కోసమే. ఎదురుపడినవాళ్ళ కళ్ళల్లో నాకున్న ఆ కాస్త పేరు కోసం.

రజిత ఇప్పుడు బీడీలు చుడుతుందని విన్నాను. ఆమె దగ్గరికి మళ్ళీ వెళ్ళలేదు. వెళతానని మీకు మాటిస్తే అదీ అబద్ధమవుతుందేమోనని భయం. ఇది రాస్తుంటే కొంచెం తేలికైంది. అంతకంటే ఎక్కువ నాకు దక్కకూడదు. ఆ రోజు ఆమె ముందు నా నోట రాని మాట ఇక్కడ రాసి పెడుతున్నాను.

చెల్లె, నువ్వు ఆలస్యం జెయ్యలే. నాది వేరే రోగం. హైదరాబాద్‌ల సూదిమందుతోని తగ్గింది. నీకు అబద్ధం చెప్పిన.