బాతుల పాలైన గుల్లలు

ఒక మనిషి గల్ఫ్ ఉద్యోగాన్ని ఒక్క పూటలో, ఎవరి సాయమూ లేకుండా నాశనం చెయ్యడం ఎలాగో తెలుసుకోవాలనుంటే నన్నడగండి. ముందుగా ఒక జాగ్రత్త. ఆ మనిషి మన శత్రువు కాకూడదు. శత్రువులు మనల్ని వంటింట్లోకి రానివ్వరు. ప్రాణస్నేహితుడైతేనే పని సజావుగా సాగుతుంది.

తొంభైల నడుమ సంగతి. అమలాపురంలో జువాలజీతో బీయస్సీ పూర్తి చేసి, లోకం నా కోసం ఎదురుచూస్తోందన్న నమ్మకంతో కొత్తపేటలో మా అరుగు మీద కూర్చుని ఉన్న రోజులు. లోకం చిరునామా దొరక్క ఎక్కడో తిరుగుతోంది కాబోలు.

సత్తిబాబుది రాజోలుకి దిగువన, గోదారి సముద్రంలో కలిసే వైపున్న ఊరు. పడవల మీద బతికే కుటుంబం. ఇంటర్లో నా పక్కన కూర్చునేవాడు. తరవాత చదువు మానేసి పెళ్ళిళ్ళ వంటల్లోకి దిగాడు. వాడు పెట్టిన చేపల పులుసు తిన్నవాళ్ళు విస్తరి ముందు నుంచి లేవడానికి కొంచెం ఇబ్బంది పడేవారు.

వాడికి ఒకటే ధ్యాస, మస్కట్. పాస్‌పోర్టు కూడా వచ్చేసింది. అందులో ఫొటోకి నా నీలం గళ్ళ చొక్కా వేసుకెళ్ళాడు.

"విమానం ఎక్కేటప్పుడు కూడా ఇదే వేసుకుంటానురా. నీకు అక్కణ్ణించి కొత్తది పంపిస్తాలే."

"ఇస్త్రీ చేసి మరీ వేసుకో. నా పరువు పోతుంది" అన్నాను. ఎవరి పరువు ఎవరి చేతుల్లో ఉందో అప్పటికి తెలీదు కదా.

ఆ వేసవిలో సూరిబాబుగారని, మస్కట్ హోటల్లో వంటశాల పెత్తనం చేసే పెద్దమనిషి సెలవు మీద రాజోలు వచ్చేరు. వెళ్ళేటప్పుడు ఒక వంటవాణ్ణి వెంట తీసుకెళ్తారట. సత్తిబాబు వెళ్ళి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఆయన పైనుంచి కిందకి చూసి, "రొయ్యలు ఎవడైనా వండుతాడోయ్. గుల్లలు వండి పెట్టు, చూద్దాం. మా దగ్గర తెల్లవాళ్ళు వాటికే పడి చస్తారు. ఆదివారం భోజనానికి వస్తాను" అన్నారు.

గుల్లలంటే కోనసీమలో సగంమందికి సున్నపు బట్టీయే గుర్తొస్తుంది. పెంకుని కాల్చడం తెలుసు గాని, లోపలున్న జీవిని తినొచ్చని తెలియదు. ఉప్పునీరూ గోదారి నీరూ కలిసే చోట ఇసకలో సగం పూడుకుని, నీళ్ళు పీల్చి వదులుతూ, ఎవరి జోలికీ వెళ్ళకుండా బతికే ప్రాణి. రెండు చిప్పల మధ్య కాపురం. సత్తిబాబు శనివారం పోటు తీశాక నడుంలోతు నీళ్ళలో దిగి, కాళ్ళతో తడుముతూ ఏరి, ఇసక కక్కడానికి వాటిని రాత్రంతా ఏటి నీళ్ళలోనే నానబెట్టాడు.

ఆదివారం పొద్దున్నే నేను సాయానికి దిగాను. ఎవరూ పిలవలేదు. చదువుకున్నవాణ్ణి పిలవాలా?

సత్తిబాబు వాళ్ళమ్మ మంగమ్మగారు బేసిను నా ముందు పెట్టి, "నోరు తెరిచినవి ఏరి పారెయ్ బాబూ. అయ్యి చచ్చినయ్యి" అంది.

"అవును పిన్నీ. లోపల కండరం బిగబట్టి ఉంటేనే ప్రాణం ఉన్నట్టు. అది వదులైతే చిప్ప తెరుచుకుంటుంది. శాస్త్రం కూడా అదే చెబుతుంది."

"ఆయ్" అంది ఆవిడ. శాస్త్రం తన మాట ఒప్పుకున్నందుకు పెద్దగా సంతోషించినట్టు కనబడలేదు.

పొద్దెక్కాక సత్తిబాబు ఆయన్ని తీసుకురావడానికి సైకిలెక్కాడు. మంగమ్మగారు మసాలా నూరడానికి పక్కింటి రోలు దగ్గరకి వెళ్తూ, "డేకిసా పొయ్యి మీదుంది. ఉడుకు పట్టాక నీళ్ళు వంచి, బాగోలేనియ్యి తీసెయ్ బాబూ" అంది.

తీశాను.

మూత ఎత్తి చూద్దును కదా, డేకిసాలో గుల్లలన్నీ నోళ్ళు తెరుచుకుని నాకేసి చూస్తున్నాయి! నాటకం మధ్యలో తెర ఊడిపడితే జనం చూసినట్టు. మూసుకుని ఉన్నవి అడుగున ఏ కొన్నో. పొద్దున్న ఏరడంలో ఎంత ఘోరం జరిగింది! ఇవి తిని ఆయన వాంతి చేసుకుంటే సత్తిబాబు బతుకేం కావాలి?

స్నేహధర్మం ముందుకు తోసింది. చేతులు కాలుతున్నా లెక్కచెయ్యకుండా తెరుచుకున్నవన్నీ పెరటి కాలువలో పారబోశాను. ఇరుగూ పొరుగూ బాతులన్నీ ముందే కబురందినట్టు వచ్చి వాలాయి. ఆ రోజు రాజోలు చుట్టుపట్ల మస్కట్ స్థాయి భోజనం చేసినవి అవే.

సైకిలు గంట వినబడింది. సూరిబాబుగారు వీధరుగు మీద కూర్చున్నారు. సత్తిబాబు లోపలికొచ్చాడు.

"ఏరా, గుల్లలేవి?"

"పాడైపోయాయిరా. మూత తీసేసరికి అన్నీ చచ్చి ఉన్నాయి."

వాడు నన్ను చూశాడు, డేకిసా చూశాడు, మళ్ళీ నన్ను చూశాడు.

"ఉడకబెడితే చావవురా?"

ఈ ప్రశ్న మూడేళ్ళ జువాలజీలో నన్నెవరూ అడగలేదు.

"ఉడికినయ్యే నోరు తెరుస్తాయిరా. తెరవనియ్యి లోపల బురద నిండిన చచ్చు గుల్లలు. ఏం మిగిల్చేవు?"

మిగిల్చినవి చూపించాను. మసాలా ముద్దతో వచ్చిన మంగమ్మగారు గడపలోనే నిలబడిపోయింది. కాలువలోంచి బాతు ఒకటి తృప్తిగా అరిచింది.

ఇక్కడితో ఆపి ఉంటే ఇది పొరపాటు మాత్రమే అయ్యేది. నేను ఆపే రకం కాదు. వాళ్ళిద్దరూ గబగబా కోడిగుడ్ల పులుసు పెడుతుంటే, సూరిబాబుగారు విస్తరి ముందు కూర్చుని "గుల్లలేవోయ్?" అన్నారు. సత్తిబాబు నోరు విప్పేలోగా, మూసుకున్న గుల్లలు పళ్ళెంలో పేర్చి, కొత్తిమీర జల్లి పట్టుకెళ్ళాను.

"ఇది స్పెషల్ అండి. మూత తియ్యకుండా వడ్డిస్తారు. లోపలి రుచి గాలికి పోకుండా ఉంటుంది. తినేవాళ్ళే విప్పుకోవాలి."

"అలాగా!" అని ఆయన ముచ్చటపడి, ఒకదాన్ని రెండు బొటనవేళ్ళతో గట్టిగా నొక్కేరు.

నల్లటి బురద ఆయన తెల్లచొక్కా మీద మెడ నుంచి జేబు దాకా పడింది. వాసన మాత్రం వీధి చివరిదాకా వెళ్ళింది.

సత్తిబాబు చెంబుతో నీళ్ళు పట్టుకుని నిలబడ్డాడు. ఆయన కడుక్కుని, కండువాతో తుడుచుకున్నారు. తరవాత, "బాబూ, వంట నీకు వచ్చేమో. కానీ వంటింట్లోకి ఎవణ్ణి రానివ్వాలో తెలియనివాణ్ణి నేను తీసుకెళ్ళలేను" అన్నారు. సత్తిబాబు "ఆయ్" అన్నాడు. అంతే.

నా వైపు తిరిగారు. "మీరేం చదివేరండీ?"

"బీయస్సీ అండి."

"చచ్చిన సరుకుని స్పెషలని చెప్పి, తొణక్కుండా నిలబడ్డారు. మా స్టోరుకి ఇలాంటి మనిషే కావాలి. పాస్‌పోర్టు తీసుకోండి."

నవ్వకండి. నేను నవ్వలేదు. కానీ వద్దని కూడా అనలేదు.

బయల్దేరే రోజు కొత్తపేట బస్టాండుకి సత్తిబాబు వచ్చాడు. ఇంటర్ మొదలు నన్ను ఒరేయ్ తప్ప ఇంకోలా పిలవనివాడు. కాగితంలో చుట్టిన పొట్లం చేతికిచ్చాడు. విప్పితే, ఉతికి ఇస్త్రీ చేసిన నీలం గళ్ళ చొక్కా.

"మీ చొక్కా అండీ. విమానంలో వేసుకోండి. జాగ్రత్తగా వెళ్ళి రండి."

"ఒరేయ్ సత్తిగా, ఒక్కసారి తిట్టరా" అన్నాను.

"అయ్యో, అదేం మాటండీ" అన్నాడు.

ఒక తిట్టు కోసం బస్సు కదిలేదాకా కిటికీలోంచి చూశాను. వాడు నోరు తెరవలేదు. తెరవని గుల్లలో ఏముంటుందో అప్పటికి నాకు బాగా తెలుసు.

కాబట్టి పాఠక మహాశయులారా, ఆ నీలం గళ్ళ చొక్కా మీద చెయ్యి వేసి ప్రమాణం చేస్తున్నాను: ఇకమీదట ఏ స్నేహితుడి వంటింట్లోనూ అడుగుపెట్టను. ప్రమాణం నిలబెట్టుకోవడం కష్టమేమీ కాలేదు. ఆ తరవాత ఎవరూ పిలవలేదు. చొక్కా మడత కూడా నేనింతవరకూ విప్పలేదు.