సూర్యకళ పేర్చిన పలకలు

సూర్యకళకి శివరామకృష్ణ అంటే గిట్టదు. అతనికీ ఆమె అంటే అంతే.

మధురవాడలో కార్ల రాడార్లకి యాంటెన్నాలు చేసే చిన్న కంపెనీలో ఇద్దరూ పనిచేస్తారు. ఎదురుగా వచ్చే బండిని పసిగట్టే ఆ యాంటెన్నా ఒక చిన్న సెరామిక్ పలక. కాల్చకముందు కాగితాల్లాంటి మెత్తటి రేకులు. ఎనిమిదింటిని పేర్చి, అదిమి, ఫర్నేస్‌లో పెడతారు. పైరేకు మీద వెండి గీతల అచ్చు ఉంటుంది. పేర్చే పని సూర్యకళది. పాలిటెక్నిక్ చదివి, భీమిలి నుంచి రోజూ బస్సులో వచ్చి, ఆరేళ్లుగా అదే బల్ల దగ్గర నిలబడుతోంది. తండ్రి అప్పలరాజు ఇంకా సముద్రం మీద చేపల వేటకి వెళ్తాడు.

కాలిన రేకు కుంచించుకుపోతుంది, పొడవునా ఒకలా, అడ్డంగా ఇంకోలా. అందుకే రేకులను ఒకటి నిలువుగా, ఒకటి అడ్డంగా పేర్చాలి. ఏది ఎటో తెలియడానికి ప్రతి రేకుకీ ఒక మూల చిన్న గంటు కొడతారు.

కొత్తగా వచ్చిన సూపర్‌వైజర్ శివరామకృష్ణ రెండో వారమే ఆమె బల్ల దగ్గరికొచ్చాడు.

"ఇలా తిప్పుకుంటూ కూర్చుంటే ఎప్పటికవుతుంది? అన్నీ ఒకేవైపు పెట్టు."

"వంకరపోతాయి సార్. గీత వెంట్రుకంత జరిగినా రాడార్‌కి పనికిరావు."

"నాకు పాఠాలు చెప్పకు."

"అయితే కాగితమ్మీద రాసియ్యండి సార్, అలాగే పేరుత్తాను."

అతను నవ్వి వెళ్లిపోయాడు. చుట్టూ ఉన్నవాళ్లు తల ఎత్తలేదు. సూర్యకళ ఒళ్లు మండిపోయింది. 'పోతే పోనీ, నీ పేరే పోతుంది' అని కసిగా పేర్చింది. రెండు వందల పలకలు, అన్నీ ఒకేవైపు.

ఒక్కటీ పరీక్షలో నిలవలేదు. మర్నాడు శివరామకృష్ణ రిపోర్టు టైపు చేసి తెచ్చాడు. అందులో తప్పంతా ఆమె అజాగ్రత్తదే.

"సంతకం పెట్టు. చేపల బుట్టలు మోసే చేతులకి ఇలాంటి పనులు ఎలా వస్తాయి?"

"ఆ బుట్టలే నన్ను సదివించాయి. సంతకం ఎట్టను. ఏటి సేత్తారో సేసుకోండి."

ఆ వారమంతా ఆమెను అట్టపెట్టెలు అతికించడానికి పంపారు. శుక్రవారం పలకలు కొనే కార్ల కంపెనీ నుంచి అనూరాధ అనే ఇంజినీరు వచ్చింది. ఎవరూ పిలవకపోయినా సూర్యకళ చేతులు తుడుచుకుంటూ ఆమె శివరామకృష్ణతో మాట్లాడుతున్న గదిలోకి వెళ్లి, పాడైన పలక ఒకటి తీసి అనూరాధ ముందు పెట్టింది.

"గంట్లు సూడండి మేడమ్. రెండు మూలల్లో ఉండాలి. ఎనిమిదీ ఒక్క మూలనే ఉన్నాయి."

అనూరాధ ఆ మూల గోరు పెట్టి చూసింది. "ఎవరు చెప్పారు ఇలా పేర్చమని?"

శివరామకృష్ణ కిటికీ వైపు చూశాడు. సూర్యకళ అతని వైపు వేలు చూపించింది.

"తప్పని తెలిసీ ఎందుకు పేర్చావు?" అనూరాధ గొంతులో జాలి ఏమీ లేదు.

"రాసిమ్మంటే ఇయ్యనేదు. పాడవ్వాలనే పేర్సాను మేడమ్."

రిపోర్టు చించేశారు. మెమోలు మాత్రం ఇద్దరికీ ఇచ్చారు. శివరామకృష్ణ క్షమాపణ చెప్పలేదు, ఆమె అడగలేదు. సోమవారం నుంచి మళ్లీ తన బల్ల దగ్గరే రేకులు తిప్పి పేరుస్తోంది. అతనొచ్చి వెనక నిలబడినా తిరిగి చూడదు. మెమో వల్ల ఆమె జీతం పెరుగుదల ఏడాది పాటు ఆగింది. దానికి ఆమెకి కోపం ఉంది కానీ, ఆ రెండు వందల పలకల గురించి ఇప్పటికీ పశ్చాత్తాపం లేదు.